చర్చ: ఆపిల్ ‘1984’ యాడ్ క్లాసులో చూపించాలంటే ఏ కాపీ మంచిది?

రీలుపెట్టె:
మాస్ కమ్యూనికేషన్ విద్యార్థులకు ఆపిల్ మెకింటాష్ కంప్యూటర్ యాడ్ మీద గంట పాఠం ఉంది, గుండ్ల జనం మధ్య ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చి సుత్తి విసిరే యాడ్ అది. నెట్‌లో కాపీలు ఒకదానికొకటి పొంతన లేవు. అసలుది ఎలా పోల్చుకోవాలి? ‘ఒక్కసారే ప్రసారమైంది’ అని స్లైడులో పెట్టొచ్చా?

ప్రకటనలపిచ్చి:
పెట్టకండి. అమెరికా అంతటా వచ్చింది 1984 జనవరి 22న, సీబీఎస్ టీవీలో, సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) మూడో క్వార్టర్‌లో. అంతకుముందే 1983 డిసెంబర్‌లో ఐడహో రాష్ట్రం ట్విన్ ఫాల్స్‌లో ఒక చిన్న స్టేషన్‌లో అర్ధరాత్రి వేళ వేయించారు, ఆ ఏడాది అవార్డులకు అర్హత రావాలని. జనవరి 17 నుంచి సినిమా హాళ్లలోనూ పడింది.

స్లాట్ సంగతి తప్పక చెప్పండి. ఆపిల్ బోర్డుకు యాడ్ నచ్చలేదు, కొన్న సమయం అమ్మేయమన్నారు. ఏజెన్సీ చియాట్/డే చేతిలో ఉన్నది 60, 30 సెకన్ల రెండు ముక్కలు. 30 అమ్ముడుపోయింది, 60 మిగిలింది. ఆ 60 అమ్మడానికి ఏజెన్సీ ఎంత గట్టిగా తిరిగిందో మీరే ఊహించుకోండి!

ఫ్రేములెక్క:
కాపీ సంగతి నేను చెప్తా. ముందు పరుగెత్తే అమ్మాయి నడుము చూడండి. ఐపాడ్, తెల్ల ఇయర్‌ఫోన్ తీగ కనిపిస్తే అది 2004లో ఇరవయ్యేళ్ల సందర్భానికి మార్చిన వెర్షన్, పక్కన పెట్టేయండి. తర్వాత చట్రం: అసలుది 4:3 (వెడల్పు 4, ఎత్తు 3). తెర నిండా వెడల్పుగా ఉంటే పైనా కిందా కోసేసినట్టే.

ఇక ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. ప్రతి అయిదింటిలో మూడు శుభ్రంగా, రెండు దువ్వెన పళ్లలా చారలతో ఉంటే అది 3:2 పుల్‌డౌన్, అంటే సెకనుకు 24 ఫ్రేముల ఫిల్మును టీవీ వేగానికి సర్దే పద్ధతి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాధనంలో ముందు ఫీల్డ్‌మ్యాచ్ (విడిపోయిన సగాలను జతపరిచేది), ఆ తర్వాత డెసిమేట్ (అదనపు ఫ్రేము తీసేసేది) వేస్తే సెకనుకు 23.976 ఫ్రేములు తిరిగొస్తాయి. చాలామంది ఇక్కడ మామూలు డీఇంటర్‌లేస్ (చారలు చెరిపే ఫిల్టర్) వేస్తారు. దాంతో నిలువు వివరం పోతుంది, కవాతు నడక కుదుపుగా తయారవుతుంది. సైజు పెంచడం ఈ పని అయ్యాకే. చారలున్న ఫైలును ముందే పెద్దది చేస్తే చారలు కరిగి బొమ్మలో కలిసిపోతాయి, ఇక విడదీయలేం. ఒకే ఫ్రేములో రెండు బొమ్మలు నీడల్లా కలిసి ఉన్నా అంతే, వేరే కాపీ వెతుక్కోవాలి.

ఏఐతో పెంచిన కాపీలు అసలొద్దు. వరుసల్లో కూర్చున్న గుండ్ల ముఖాలన్నీ మైనపు బొమ్మలవుతాయి.

రీలుపెట్టె:
ఆ అమ్మాయి నటేనా?

ప్రకటనలపిచ్చి:
ఆన్యా మేజర్, డిస్కస్ త్రో క్రీడాకారిణి. గిర్రున తిరిగి సుత్తి విసరడం మామూలు మోడళ్ల వల్ల కాలేదు. దర్శకుడు రిడ్లీ స్కాట్, షూటింగ్ ఇంగ్లండ్‌లోని షెపర్టన్ స్టూడియోలో. బనీను మీది గీతల బొమ్మను ఆపి చూపించండి. యాడ్ మొత్తంలో మెకింటాష్ కనిపించేది అక్కడే!

పాతకంప్యూటర్:
అందుకే యంత్రం వివరాలు పక్కనే పెట్టాలి. జనవరి 24న విడుదల, ధర 2,495 డాలర్లు. మోటరోలా 68000 ప్రాసెసర్, 128 కేబీ ర్యామ్, 512×342 నలుపు తెలుపు తెర. లెక్క వేస్తే తెర బొమ్మకే 21,888 బైట్లు పోతాయి. హార్డ్ డిస్క్ లేదు, ఉన్నది ఒక్క 400 కేబీ ఫ్లాపీ డ్రైవ్. ర్యామ్‌లో పట్టినంత చదవడం, డిస్క్ మార్చడం, రాయడం, మళ్లీ మార్చడం: ఒక్క ఫ్లాపీ కాపీకి చేయి నొప్పి పుట్టేది. పెట్టె విప్పి ర్యామ్ పెంచుకునే వీలు కొన్నవాళ్లకు ఇవ్వలేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో 512 కేబీ మోడల్ వచ్చాకే పని సాగింది.

ప్రకటనలపిచ్చి:
టైముంటే 1985 సూపర్ బౌల్‌లో వచ్చిన ఆపిల్ యాడ్ ‘లెమింగ్స్’ కూడా వేయండి. అదే ఏజెన్సీ. కళ్లకు గంతలు కట్టుకుని కొండ మీంచి వరుసగా దూకే ఆఫీసు జనం. కొనాల్సినవాళ్లనే వెర్రివాళ్లను చేసి చూపారు, పైగా అమ్మాల్సిన ‘మెకింటాష్ ఆఫీస్’ (ఆఫీసు కంప్యూటర్లను కలిపే ఏర్పాటు)లో అందరి ఫైళ్లూ ఉంచే ఫైల్ సర్వరే సిద్ధం కాలేదు.

రీలుపెట్టె:
ముందు లెమింగ్స్ వేసి తర్వాత 1984 వేస్తే?

ఫ్రేములెక్క:
తేదీల వరుసే మేలండీ. రెండిటి ధ్వనీ ఒకే స్థాయికి సర్దుకోండి. ‘1984’ యాడ్‌లో చివరి పది సెకన్ల వ్యాఖ్యానం వెనక గదికి వినపడాలి, మెకింటాష్ విడుదల తేదీ చెప్పేది అక్కడే.