డిమ్‌లోనే ఉన్నా ఎదుటివాళ్లు డిప్పర్ కొడుతున్నారు, నాకేమో రోడ్డు కనపడట్లేదు

రాత్రిబండి:
కారు తొమ్మిదేళ్లది, హెచ్4 హాలోజన్ బల్బులు. పోయిన వారం రాత్రి అందరం కలిసి వస్తున్నాం. వెనక అమ్మ, ఇద్దరు పిల్లలు, డిక్కీ నిండా సామాను. నేను డిమ్‌లోనే ఉన్నాను. అయినా ఎదురొచ్చే ప్రతి బండీ డిప్పర్ కొడుతోంది. పోనీ నాకేమైనా బాగా కనపడుతోందా అంటే అదీ లేదు. నల్ల చొక్కా వేసుకుని సైకిల్ నడిపించుకుంటూ వెళ్తున్నాయన, మా ఆవిడ "ఏమండీ, మనిషి!" అని అరిచేదాకా నా కంటికి ఆనలేదు. స్పీడు 60 కూడా లేదు. ఇంటికొచ్చాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి. బల్బులు తీసేసి ఎల్‌ఈడీ పెట్టించమని మెకానిక్ అంటున్నాడు. పెట్టించమంటారా?

వేగు_చుక్క:
కళ్లు మూసుకుని పెట్టించండి. నేను పెట్టించి ఏడాదైంది, పట్టపగల్లా ఉంటుంది.

ఫ్యూజుబాక్స్:
పై అన్నగారికి కోపం రాకపోతే ఒక మాట. నేనూ ఆ పట్టపగలు చూసినవాణ్నే. ఒకరోజు అనుమానం వచ్చి మా బావమరిదికి తాళాలిచ్చి, నా కారేసుకుని నాకెదురుగా రమ్మన్నాను. వాడు డిమ్‌లోనే వస్తున్నాడు, నేను కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. మర్నాడే పీకేశాను.

హెచ్4 బల్బుని చేతిలోకి తీసుకుని చూడండి (గాజు ముట్టుకోకండి, వేలి జిడ్డు అంటితే అక్కడ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది). లోపల రెండు ఫిలమెంట్లు. డిమ్‌ది ఉన్నచోట కింద చిన్న రేకు దొన్నె ఉంటుంది. కాంతి పైకి పోకుండా ఆపేది అదే. రిఫ్లెక్టర్ వంపంతా ఆ ఫిలమెంట్ ఎక్కడుందో దాన్నిబట్టి చేసింది. ఎల్‌ఈడీ చిప్ అక్కడి నుంచి ఒకట్రెండు మిల్లీమీటర్లు పక్కకున్నా వెలుగు చెదిరిపోతుంది. పైగా కారు ముందు పది మీటర్లు మెరిసిపోతుంటే కన్ను ఆ వెలుగుకి అలవాటుపడి, దూరంగా ఉన్నది ఇంకా చీకటైపోతుంది.

మీ విషయంలో నా అనుమానం డిక్కీ మీద. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉందేమో చూడండి. డ్రైవర్ ఒక్కడే ఉంటే 0. బరువు పెరిగేకొద్దీ అంకె పెంచాలి, వెలుగు కిందకు దిగుతుంది. చాలా కార్లలో డిమ్ 1 శాతం వాలుతో ఉంటుంది, అంటే 10 మీటర్లకు 10 సెంటీమీటర్ల దిగువ. లైటు 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 65 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. వెనక కుంగి ముక్కు ఆ 1 శాతం లేచిందంటే వెలుగు ఇక నేలకు దిగదు, ఇంకాస్త లేస్తే ఎదుటివాడి కళ్లలోకే.

ఇంకో రెండు పనులు. లెన్సు పసుపెక్కిందా? అది పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్, ఎండకు మసకేస్తుంది. నీళ్లు పోస్తూ 1000, 2000, 3000 నంబరు ఎమరీ కాగితాలతో వరసగా రుద్ది, పాలిష్ పట్టి, చివర్లో యూవీ కోటింగ్ వెయ్యండి. మొదటి కాగితానికి పాలు పోసినట్టు తెల్లబడి గుండె జారుతుంది, కంగారుపడకండి. కోటింగ్ మానేస్తే కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత ఇంజన్ నడుస్తుండగా, లైట్లు వేసి, బ్యాటరీ దగ్గరా బల్బు సాకెట్ దగ్గరా ఓల్టేజీ కొలవండి.

రాత్రిబండి:
చక్రం ఉందండీ! తొమ్మిదేళ్లుగా 0 మీదే ఉంది. అది ఏసీకి సంబంధించిందనుకున్నాను, నవ్వకండి. బ్యాటరీ దగ్గర 14.1, బల్బు దగ్గర 12.6 వచ్చింది. 100/90 వాట్ల బల్బులు వేస్తే సరిపోతుందా?

ఫ్యూజుబాక్స్:
వద్దు. ఓల్టేజీ 10 శాతం పడితే హాలోజన్ వెలుగు దాదాపు 30 శాతం పోతుంది, మీకు రోడ్డు కనపడకపోవడానికి అదీ ఒక కారణం. 100 వాట్లంటే ఒక్కో బల్బుకి 8 ఆంపియర్ల పైమాటే. పాత వైర్లు, స్విచ్చు అంత లాగలేవు, సాకెట్ కరిగిపోతుంది. మామూలు 60/55 ఉంచి, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో సహా రిలే కిట్ (స్విచ్చు మీద భారం పడకుండా బ్యాటరీ కరెంటును నేరుగా బల్బుకి అందించేది) వేయించండి. ఎర్త్ వైరు తుప్పు కూడా గీకించండి.

వెనకసీటు:
ముందు అద్దం లోపలివైపు ఎప్పుడైనా తుడిచారా? తెల్లటి గుడ్డతో ఒకసారి తుడిచి గుడ్డ చూసుకోండి. ఆ పొర మీదే ఎదుటి లైట్లన్నీ పువ్వుల్లా విచ్చుకుంటాయి. మా పిల్లలు బొమ్మ పడిపోయిందని వెనక లైటు వేస్తే చాలు, అద్దంలో నా మొహమే కనపడేది. ఇప్పుడు వాళ్లకి ఎర్ర కాగితం చుట్టిన చిన్న టార్చ్ ఇచ్చాను. ఎదుటి లైటు కొట్టినప్పుడు దాన్ని చూడకుండా రోడ్డు అంచు గీతను పట్టుకోండి. 60లో తేరుకునే ఒకటిన్నర సెకన్లకే 25 మీటర్లు పోతాయి, బ్రేకుకి ఇంకో 20.

రాత్రిబండి:
రిలే పడింది, బల్బు దగ్గర 13.7 వస్తోంది. నిన్న ఎడమ లెన్సు ఒక్కటే రుద్ది, కారు గోడకెదురుగా పెట్టి లైట్లేశాం. ఎడమవైపు వెలుగు అంచు కత్తితో కోసినట్టుంది, కుడివైపు పొగమంచే. మా పెద్దది "నాన్నా, ఈ కన్నుకి శుక్లం తీశారు, ఆ కన్నుకి ఇంకా తియ్యలేదు" అంది. కుడిది ఆదివారం.