ఎలుకల డోసు నుంచి మనిషికిచ్చే తొలి డోసు లెక్క ఎలా?

ఎంఫార్మ్_రెండో_ఏడు:
నోటి ద్వారా ఇచ్చే మందు మీద ఒక అభ్యాస లెక్క. హాని కనబడని గరిష్ఠ డోసు ఎలుకల్లో కిలోకి 50 మి.గ్రా., కుక్కల్లో 10 మి.గ్రా. 60 కిలోల మనిషికి 50×60 చేస్తే 3,000 మి.గ్రా. వస్తోంది. ఎక్కడ తప్పు? అసలు రెండు జంతువులు ఎందుకు?

టాక్స్_డెస్క్:
బరువుతో నేరుగా గుణించకూడదండీ. ఒంటి బరువుతో పోలిస్తే చిన్న జంతువులకు శరీర ఉపరితలం ఎక్కువ, మందును త్వరగా వదిలించుకుంటాయి. అందుకే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005 మార్గదర్శకంలో ఒక్కో జీవికి కేఎం అనే అంకె ఉంది (కిలోల బరువును శరీర ఉపరితలంతో భాగిస్తే వచ్చేది): చిట్టెలుక 3, ఎలుక 6, కుందేలు 12, కుక్క 20, మనిషి 37.

ఎలుక: 50×6÷37 = 8.1
కుక్క: 10×20÷37 = 5.4

ఫలానా జంతువే మనిషికి దగ్గరని ఆధారం లేకపోతే తక్కువ వచ్చినదే తీసుకోండి. భద్రత కోసం దాన్ని 10తో భాగిస్తే కిలోకి 0.54, అంటే మొత్తం 32 మి.గ్రా. ఇది పైహద్దు మాత్రమే, ఇంకా కిందనుంచి మొదలుపెట్టొచ్చు. 6, 37 తారుమారైతే 8.1 బదులు 308 వస్తుంది, జాగ్రత్త. మందు లవణ రూపం బరువు వేశారా, అసలు మందు బరువు వేశారా అన్నదీ చూసుకోండి.

రెండు జంతువులు ఎందుకంటే, ఉదాహరణకు ఎలుక వాంతి చేసుకోలేదు. ఆ దుష్ఫలితం కుక్కలోనే బయటపడుతుంది. కానీ కుక్క మందు కక్కేస్తే ఒంట్లోకి వెళ్లింది తక్కువ, డోసు మాత్రం సురక్షితంగా కనిపిస్తుంది. రక్తంలో మందు స్థాయి చూడకుండా కుక్కల ఆ 10 మి.గ్రా.ను నమ్మొద్దు.

ఇమ్యునో_నోట్స్:
ఇదే సూత్రాన్ని యాంటీబాడీ మందులకు వాడకండి. 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే యాంటీబాడీ మందు ట్రయల్ గుర్తుంచుకోవాలి. కోతులు కిలోకి 50 మి.గ్రా. తట్టుకున్నాయి. మనుషులకు అందులో 500వ వంతు, కిలోకి 0.1 మి.గ్రా. మాత్రమే ఇచ్చారు. అయినా మందు తీసుకున్న ఆరుగురికీ సైటోకైన్ తుఫాను (రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి రెచ్చిపోవడం) వచ్చి అవయవాలు దెబ్బతిన్నాయి. ప్రాణాలు దక్కడం ఒక్కటే ఊరట.

ఎంఫార్మ్_రెండో_ఏడు:
అయితే కోతుల పరీక్ష వృథానా అండీ?

ఇమ్యునో_నోట్స్:
కాదు, అడగాల్సిన ప్రశ్న వదిలేశారు. మందు అతుక్కునే సీడీ28 అనే గ్రాహకం (టీ కణాల మీద ఉండే ప్రోటీన్) కోతుల్లోనూ ఉంది. కానీ మనిషిలో రెచ్చిపోయిన ఎఫెక్టర్ మెమరీ టీ కణాల (వెంటనే స్పందించే ఒక రకం రోగనిరోధక కణాల) మీద, ఆ కోతుల్లో అది ఉండదు. గ్రాహకం ఉందా అన్నది చాలదు, ఏ కణం మీద ఉందో చూడాలి. ఇలాంటి మందులకు మానవ కణాల్లో కనీస ప్రభావం చూపే గాఢత నుంచి తొలి డోసు కట్టాలి. ముందు ఒక్కరికే ఇచ్చి, గమనించాకే రెండోవారికి. లండన్‌లో సుమారు పది నిమిషాల తేడాతో వరసగా ఇచ్చేశారు.

టాక్స్_డెస్క్:
మన దేశంలోనూ 2023 సవరణతో కణ పరీక్షలు, ఆర్గాన్ చిప్‌ల (అవయవం పనిని అనుకరించే, కణాలున్న చిన్న పరికరాల) వంటి జంతురహిత పద్ధతులకు కొత్త మందుల నియమాల్లో చోటిచ్చారు. నా దృష్టిలో అవి గ్రాహకం ప్రశ్నకు జంతువుకంటే మెరుగు. కాలేయం చిప్ మాత్రం కాలేయం సంగతే చెబుతుంది. రక్తపోటు పడిపోవడం దానిలో కనబడదు.