మేకల్ని షెడ్డులోనే మేపితే నిలబడతాయా, బయటికి తోలాల్సిందేనా?

సిద్దిపేట పిల్లగాడు:
అన్నలూ, ఊర్ల రెండెకరాలుంది, 30 ఉస్మానాబాదీ మేకలతోని షురూ చేద్దామనుకుంటున్న. ఎత్తు మీద చెక్కల షెడ్డు, సందుల్లకెల్లి పెంటికలు కిందికి పడుడు, సూపర్ నేపియర్ గడ్డి కోసి ఏసుడు, గంతే అంటున్నరు యూట్యూబ్‌ల. మా మేనమామేమో కట్టేస్తే రెండు నెలలకే బక్కగైతయ్ అంటడు.

గిద్దలూరోడు:
మీ మామ కరెక్టు. గొర్రె తల వంచుకుని గడ్డి మేస్తా పోద్ది, మేక అట్టా కాదు, వెనక కాళ్ళ మీద లేచి రేగు కొమ్మ వంచి నాలుగాకులు పీకి ఇంకో చెట్టుకి పోద్ది, కాసేపు తుమ్మకాయలు, కాసేపు వేప. దాన్ని తెచ్చి రోజూ ఒకటే గడ్డి ముందు కట్టేస్తే ఎట్టా.

షెడ్డు మేకలమ్మ:
నాకు నాలుగేళ్ళుగా షెడ్డే, 40 ఉన్నాయి. మేక ఏదైనా తింటదంటారు గానీ దానంత పేచీకోరు ఇంకోటి లేదండీ, మేత కింద వేస్తే తనే తొక్కి, తనే వాసన చూసి, మూతి తిప్పుకుని పోద్ది. అవిశ, సుబాబుల్ రెమ్మలు కట్టలు కట్టి తలెత్తితే అందేలా వేలాడదీయండి, గడ్డి పక్కన పెట్టండి. సుబాబుల్ ఒక్కటే మాత్రం వద్దు, అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటది, బొచ్చు రాలుద్ది.

గిద్దలూరోడు:
సరే, కడుపు నిండుద్ది. మరి కుమ్ముకోడం? బయటైతే ఓడింది దూరం పోద్ది, షెడ్డులో ఏడికి పోద్ది? పోయినేడు మా తమ్ముడు కొత్తవి ఆరు తెచ్చి కలిపాడు, కొమ్ముల్లేని చూడి మేకని మూలకి నెట్టి కుమ్మితే కడుపు పోయి ఈసుకుపోయింది.

షెడ్డు మేకలమ్మ:
అది షెడ్డు తప్పా, మీ తమ్ముడి తప్పా? కొత్తవాటిని ముందు విడిగా ఉంచి, రోగాల్లేవని తేలాక తడిక అవతల కొన్నాళ్ళు కట్టి, అప్పుడు కలపాలి. చూడివాటికి వేరే గది. సరే, చినుకు పడితే మీ మంద ఏం చేస్తదో చెప్పండి?

గిద్దలూరోడు:
😀 చూరు కిందకి ఉరుకుతాయి, గొర్రెలు మాత్రం తడుస్తానే మేస్తాయి. పొద్దున తోలి సాయంత్రం షెడ్డంటే ఒప్పుకుంటా అక్కా, పొద్దస్తమానం కట్టేయడం నా వల్ల కాదు.

సిద్దిపేట పిల్లగాడు:
మామకు చదివి వినిపించిన. ముందు గట్ల పొంటి అవిశ, సుబాబుల్ పెట్టు, అవి నీ ఎత్తు పెరిగినంక మేకలు తే అన్నడు. అక్కా, అవిశ గింజ ఇప్పుడేస్తే ఎన్ని నెలలకు కొయ్యొచ్చు?