మగ్రెబ్ రచయిత్రులు, ప్రవాసం: ఏ నవలలు కలిపి చదవాలి?

సాహితి_ఎంఏ: ఉత్తర ఆఫ్రికా స్త్రీల రచనల్లో ప్రవాసం, అస్తిత్వం మీద ప్రాజెక్టు పేపర్ రాస్తున్నాను. అల్జీరియా రచయిత్రి ఆసియా జెబార్ ఫ్రెంచి నవల ‘లామూర్, లా ఫాంతాసియా’ (1985) ఖాయం. ఇంకా ఏవి కలపాలి? శీర్షికలో ‘అరబ్ స్త్రీవాదం’ అని పెట్టొచ్చా?

పాతపుటలు: ముందు ఆ శీర్షిక మార్చండి. జెబార్ తల్లి వైపు వాళ్లు బెర్బర్లు, అంటే అరబ్బులు రాకముందు నుంచీ ఉత్తర ఆఫ్రికాలో ఉన్నవాళ్లు. మరో రచయిత్రి తావోస్ అమ్రూష్‌ది అయితే కబైల్ (అల్జీరియా బెర్బర్లలో ఒక తెగ) క్రైస్తవ కుటుంబం. ‘అరబ్’ అనగానే వీళ్లు జారిపోతారు.

ఇక జెబార్ నవల. మొదట్లో ఓ చిన్నపిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని ఫ్రెంచి బడికి వెళ్తుంది. కాసేపటికే 1830లో అల్జీర్స్ ముందు బారులు తీరిన ఫ్రెంచి నౌకాదళం. ఆ పిల్లకి పరదా తప్పించిన భాషా, దండెత్తొచ్చిన సైనికాధికారులు రాసుకున్న భాషా ఒకటే: ఫ్రెంచి. ఊళ్లో ఉంటూనే పరాయితనం అంటే అదీ. చాలామంది చరిత్ర అధ్యాయాలు దాటేసి దీన్ని ఆత్మకథగా చదివేస్తారు; పేపర్ తేలిపోయేది అక్కడే.

ఎడారిగాలి: మలికా మొకెద్దెమ్ ‘లాంతెర్దిత్’ (1993) కలపండి. డాక్టర్ సుల్తానా ఫ్రాన్స్ నుంచి ఎడారిలోని సొంతూరికి తిరిగొస్తుంది. ఒక అధ్యాయం ఆమె చెబితే, తర్వాతది విన్సెంట్ చెబుతాడు. ఈ ఫ్రెంచివాడి ఒంట్లో ఉన్నది ఒక అల్జీరియా యువతి కిడ్నీ! (రచయిత్రి స్వయంగా కిడ్నీ డాక్టరు.) ఆడ-మగ, మనవాళ్లు-పరాయివాళ్లు అనే గీతలు ఒకే శరీరంలో చెరిగిపోతాయి, దాన్ని వదలొద్దు. 1984 నాటి అల్జీరియా కుటుంబ చట్టం కూడా చదవండి. ఎంత వయసొచ్చినా పెళ్లికి స్త్రీ తరఫున సంరక్షకుడు ఉండాలంది. 2005లో సవరించారు. అది తెలియకపోతే నవలలోని కోపాన్నంతా ‘సంప్రదాయం’ ఖాతాలో వేసేస్తారు.

పాతపుటలు: రెండూ ఫ్రెంచివే కదా. అరబిక్‌లో రాసిన అహ్లామ్ మొస్తగానెమీ ‘జాకిరత్ అల్-జసద్’ (1993) లేకపోతే వాదన ఒంటికాలి మీద నిలబడుతుంది. కథ చెప్పేది అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధంలో ఎడమ చెయ్యి పోయి, పారిస్‌లో బొమ్మలు వేసుకునే ఖాలిద్. స్త్రీ రాస్తే ఆత్మకథే అనుకునేవాళ్లకి ఇక్కడ గట్టి చిక్కు.

సాహితి_ఎంఏ: లేలా సెబ్బార్?

ఎడారిగాలి: ఈమెది వేరే లెక్క. తండ్రి అల్జీరియన్, తల్లి ఫ్రెంచి. తండ్రి భాష అరబిక్ ఇంట్లో అందలేదు. మొకెద్దెమ్‌తో జతచేసి ‘ఇద్దరూ ప్రవాసులే’ అనేస్తే తేడా పోతుంది. చిన్న పేపరైతే వదిలేయండి.