‘నైపుణ్యం లేని పని’ అని రాయడం న్యాయమేనా?

ప్రశ్న
నేను ఒక ఆసుపత్రిలో పారిశుద్ధ్య సిబ్బంది పనిని పర్యవేక్షిస్తాను. జీతాల పట్టికలో వారి పేర్ల ఎదురుగా ‘నైపుణ్యం లేనివారు’ అని రాయవలసి వచ్చిన ప్రతిసారీ నాకు చేయి ఆడదు. శుభ్రంగా ఉన్న చోటు నుంచి మురికి చోటికి, పైనుంచి కిందికి తుడుచుకుంటూ రావాలనీ, ఒక మంచం దగ్గర వాడిన గుడ్డను మరో మంచం దగ్గరికి తీసుకుపోకూడదనీ, క్రిమినాశక మందు పనిచేసేంతసేపు ఆ చోటు తడిగానే ఉండాలనీ వారికి బాగా తెలుసు. వీటిలో ఏది మరిచినా రోగం ఒకరి నుంచి మరొకరికి పాకవచ్చు. ఇలాంటి పనికి ఆ మాట ఎలా వచ్చింది? జీతం తక్కువ కావడానికి ఆ మాటే కారణమా?

మొదటి సమాధానం
పనిలో చేరేముందు ఎంత చదువు, ఎంత శిక్షణ కావాలన్నదాన్ని బట్టి వచ్చిన మాట అది. చేరిన తర్వాత అలవడే నేర్పు దానికి కనిపించదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ వారి ఐఎస్‌సీఓ-08 అనే వృత్తుల వర్గీకరణలో నాలుగు నైపుణ్య స్థాయులు ఉన్నాయి. శుభ్రం చేసేవారు అందులో మొదటి స్థాయికి చెందుతారు. అక్కడ కూడా ఉన్నది మొదటి స్థాయే తప్ప సున్నా కాదు.

రెండో సమాధానం
మాట మార్చినంత మాత్రాన జీతం పెరుగుతుందని నేను అనుకోను. 2020లో ఇదే పనిని అత్యవసర సేవ అన్నారు, చప్పట్లు కొట్టారు. చాలామంది జీతం మాత్రం ఉన్నచోటే ఉంది. దుక్కి దున్నే మామూలు కూలీకి చాలామంది చేతివృత్తులవారి కంటే ఎక్కువ విచక్షణ ఉంటుందని ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లోనే రాశారు. పట్టణంలో ఒకచోట ఉండే పనివారు సులభంగా ఏకం కాగలరనీ, పల్లెల్లో చెల్లాచెదురుగా ఉన్నవారికి అది కష్టమనీ కూడా ఆయనే గుర్తించారు. కూలిని తేల్చేది ఆ బలమేనని, మనిషిని మార్చడం యజమానికి ఎంత తేలికైతే బేరమాడే శక్తి అంత తగ్గుతుందని నా అభిప్రాయం.

మూడో సమాధానం
బేరం సంగతి నిజమే గానీ, మాటను తేలికగా తీసుకోకండి. పట్టికలో ఆ మాట ఉన్నంతకాలం బేరం అక్కడి నుంచే మొదలవుతుంది. సమాన విలువ గల పనికి స్త్రీపురుషులకు సమాన వేతనం ఇవ్వాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ వారి 1951 నాటి 100వ ఒడంబడిక, పనిలో నిజంగా ఏముందో చూసి విలువ కట్టే పద్ధతిని ప్రోత్సహించమంటుంది. నైపుణ్యంతో పాటు శ్రమ, బాధ్యత, పని పరిస్థితులను కూడా లెక్కవేస్తే, సూది గుచ్చుకునే ప్రమాదం, రాత్రి డ్యూటీ, రోగుల రక్షణ అన్నీ అందులోకి వస్తాయి.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. సూది గుచ్చుకునే ప్రమాదం మా పట్టికలో ఎక్కడా లేదు. రేపు రాత్రి డ్యూటీవారితో కూర్చుని, వారు చేసే పనులన్నీ వారి నోటనే చెప్పించుకుని రాసుకుంటాను.