అప్‌డేట్: మా తమ్ముడి నదీ గైడ్ శిక్షణ

కొల్లాపూర్ దగ్గర సోమశిలలో పుట్టి (గుండ్రటి చిన్న పడవ) నడుపుతూ పెరిగిన మా తమ్ముడికి నదీ గైడ్‌గా శిక్షణ ఎక్కడ దొరుకుతుందని కొన్ని నెలల క్రితం అడిగాను. మీలో కొందరు సూచించినట్టే వాడు గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థలో ప్రాణరక్షణ శిక్షణ పూర్తిచేసి, ఇప్పుడు రిషికేశ్‌లో ఒక రాఫ్టింగ్ (ఉధృత ప్రవాహంలో గాలి పడవ ప్రయాణం) నిర్వాహకుని వద్ద ఇంటర్న్‌గా ఉన్నాడు. జీతం లేదు, తిండీ బసా మాత్రమే; ఈ సంగతి ముందుగా చెప్పకపోవడం నాకు నచ్చలేదు.

మన సోమశిల వద్ద కృష్ణ శ్రీశైలం జలాశయపు వెనుక నీరు కనుక నెమ్మదిగా ఉంటుంది. రిషికేశ్ గంగలో 3, 4 గ్రేడుల (ప్రవాహ తీవ్రతను 1 నుంచి 6 వరకు లెక్కిస్తారు) ఉధృతి చూశాక, ఊళ్లో గజ ఈతగాడనిపించుకున్నవాడు మొదటి వారం నోరు మెదపలేదట. లైఫ్ జాకెట్‌తో ప్రవాహంలో పడితే వెల్లకిలా తేలుతూ పాదాలను దిగువ వైపు ఉంచాలని, నిలబడబోతే కాలు రాళ్ల మధ్య ఇరుక్కుంటుందని, మునిగి శ్వాస ఆగినవారికి ముందు ఊపిరి ఊది, తర్వాత 30 ఛాతీ ఒత్తిళ్లకు 2 ఊపిరుల చొప్పున కొనసాగించాలని అక్కడ పదే పదే సాధన చేయిస్తున్నారు. వానాకాలంలో అక్కడ రాఫ్టింగ్ ఆపేస్తారు కాబట్టి జులైలో ఇంటికి వస్తాడు. అప్పుడు మా ఊరి పుట్టివాళ్లకు నీటిలో కొట్టుకుపోతున్నవారికి తాడు సంచి విసరడం నేర్పుతానంటున్నాడు.