సమస్యాపూరణం: "చాయి నమలఁ గాని చవి తెలియదు"

నిర్వాహకుడు
చెన్నై బర్మా బజారు దగ్గర అత్తో (బర్మా నూడుల్స్) బండి పక్కన నిలబడి అరటిదూట సూపు తాగుతుంటే, పక్కనున్న పెద్దాయన "రంగూన్‌లో టీ తాగడమే కాదయ్యా, తినేవాళ్లం కూడా" అన్నారు. ఇంటికొచ్చేలోపు ఆ మాటే పాదమై కూర్చుంది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి:

*చాయి నమలఁ గాని చవి తెలియదు*

నియమం ఒక్కటే, పద్యం వంటింట్లోకి రావాలి. వాన, కిటికీ, వేడివేడి కప్పు వర్ణించే పద్యాలు పంపకండి.

టీ.నగర్ పోపులపెట్టె
అందరికంటే ముందు నాదే.

మూటఁ గట్టి టీని ముదురు సెనగలోన
నుడుకఁబెట్ట నల్ల నొడలు వచ్చు;
కప్పులోని రుచియె కాదు సుమీ యిది
చాయి నమలఁ గాని చవి తెలియదు.

ఇది పంజాబీ ఛోలే. కుక్కర్‌లో కాబూలీ సెనగలతో పాటు చెంచాడు టీ పొడి పలచటి గుడ్డలో మూటకట్టి వేస్తే సెనగకు ముదురు గోధుమరంగు పడుతుంది, అడుగున చిన్న వగరు నిలుస్తుంది. సీటీసీ పొడే వాడండి. ఆకును నలిపి, చించి, చుట్టి చేసిన పొడి కాబట్టి రంగు త్వరగా దిగుతుంది.

మైలాపూరు మాస్టారు
"నల్లనొడలు" ముచ్చటగా ఉందమ్మా. సెనగకు ఒళ్లు ఇచ్చారు. కానీ మొదటి పాదంలో టీ, చివరి పాదంలో చాయి! ఒకే పద్యంలో ఒకే వస్తువుకు రెండు పేర్లు పెడితే రెండు వస్తువులనుకుంటాడు చదివేవాడు. పైగా మూట తీసి పారేస్తారు కదా, నమిలిందెవరు?

టీ.నగర్ పోపులపెట్టె
సెనగలోకి దిగిన చాయినే నమిలాం మాస్టారూ. సాంబారులో ఇంగువ కంటికి కనిపించాలా? వంట తెలిసినవాళ్ల కోసం ఇంకో ముక్క: ఆమ్‌చూర్ (ఎండు మామిడి పొడి) గానీ నిమ్మరసం గానీ ముందే వేయకండి. పులుపు తగిలితే టీ రంగు తేలిపోతుంది. చిటికెడు వంటసోడా పడితే ఇంకా ముదురుతుంది. అందుకే సోడా ఉడికేటప్పుడు, పులుపు దించేటప్పుడు.

పెరంబూరు పద్యప్రియ
నిర్వాహకులవారికి ఆ మాట చెప్పిన పెద్దాయన ఎవరో గానీ, మా నాయనమ్మ మాటే చెప్పారు. మాదీ రంగూన్ నుంచి వచ్చిన కుటుంబమే.

బర్మ నుండి వచ్చి బంధువు పెట్టెను
పులియఁబెట్టినట్టి పులుపుటాకు
నువ్వు, వేరుసెనగ నూనెలోఁ గలిపిన
చాయి నమలఁ గాని చవి తెలియదు.

ఇది లఫె. లేత తేయాకును ఆవిరి పట్టి, నలిపి, గట్టిగా అదిమి నెలల తరబడి పులియనిస్తారు. వడ్డించేటప్పుడు వేయించిన వెల్లుల్లి, నువ్వులు, వేరుసెనగలు, బఠాణీలు, ఎండు రొయ్యలు అన్నీ గళ్లు గళ్లుగా ఉన్న లక్క పళ్లెంలో విడివిడిగా పెడతారు. పండ్లలో మామిడి, మాంసాల్లో పంది, ఆకుల్లో లఫె అని అక్కడి సామెత. నాయనమ్మ మధ్య ముక్క ఎప్పుడూ పలికేది కాదు.

మైలాపూరు మాస్టారు
ఇదీ పూరణ! "కలిపిన చాయి" అని మూడో పాదం నాలుగోదానిలోకి జారిపోయిన తీరు చూడండి, సమస్య ఎక్కడ మొదలైందో అతుకు కనబడదు. అయితే తమ్ముడూ, "పులియఁబెట్టినట్టి పులుపుటాకు" ఏమిటి? పులియబెడితే పులుపు కాక తీపి అవుతుందా? పాదం మొదటి అక్షరానికి నడుమ జోడీ అక్షరం పడాలన్న యతి కోసం నీకీ పునరుక్తి అలవాటైపోయింది.

పెరంబూరు పద్యప్రియ
అన్నగారి కంటికి ఏదీ తప్పదు. రెండో పాదం ఇలా చదువుకోండి:

పుడమిఁ బూడ్చినట్టి పులుపుటాకు

వెదురుతో గోడకట్టిన గుంటల్లో అదిమి పూడ్చే పద్ధతి ఉంది, కాబట్టి పాదం పూరకం కాదు, నిజం కూడా. పెట్టిన వెంటనే నాలుకకు తగిలేది చేదు, నమిలేకొద్దీ పులుపు వస్తుంది.

మైలాపూరు మాస్టారు
బాగుంది. ఇప్పుడు ఆ పాదంలో పని చేయని మాట లేదు.

బసవనగుడి అక్కయ్య
పునరుక్తి మీద మాస్టారికి ఇంత పట్టుదల ఉండటం సంతోషం. యతి మీద కూడా ఉంటే ఇంకా సంతోషిస్తాను. "చింత లేని వంట చేదు గాదె" సమస్యకు మాస్టారి పూరణలో రెండో పాదం గుర్తుందా?

పులుసు కాచువేళ మురిసె నత్త

పు-ము యతి! అప్పుడు అడిగితే మువిభక్తి యతి (పు, బు వంటివాటికి ము చెల్లే వెసులుబాటు) ఉంది కదా అన్నారు. ఆ వెసులుబాటు విభక్తి ప్రత్యయమైన "ము"కు. "మురిసె"లో ఉన్నది ధాతువులోని ము. "పొగడె నత్త" అంటే సరిపోయేది, అత్తగారి మర్యాదా నిలిచేది.

మైలాపూరు మాస్టారు
అమ్మా, ఆ పాదం సంగతి ఆ వారమే తేలింది. ఇక్కడ వంట చాయితో. మీ పూరణ ఏదీ?

బసవనగుడి అక్కయ్య
ఇదిగో.

వెన్నచాయి పోసి వేఁచిన యవపిండి
ముద్ద పిసికి యిచ్చె బుద్ధగురువు
బైలకుప్పెలోనఁ బలికె నీ సత్యము:
చాయి నమలఁ గాని చవి తెలియదు.

మైసూరు జిల్లా బైలకుప్పెలో 1961 నుంచి టిబెట్ వాళ్ల ఊళ్లున్నాయి. ఇటుకలా అచ్చుపోసిన తేయాకును చాలాసేపు మరిగించి, వెన్న, ఉప్పు వేసి పొడవాటి గొట్టంలో కవ్వంతో చిలుకుతారు. ఆ చాయిని గిన్నెలో పోసి, వేయించి విసిరిన యవల (బార్లీ) పిండి కలిపి, వేళ్లతో ముద్ద చేసుకుని తింటారు. ఆ పిండినే త్సంపా అంటారు. మన పేలపిండి తిన్నవాళ్లకు ఆ వాసన కొత్తేమీ కాదు.

మైలాపూరు మాస్టారు
పద్యం చక్కగా నడిచింది. త్సంపా సంగతి తెలిసి సంతోషించాను. కానీ అమ్మా, రెండో పాదం: *ము*ద్ద, *బు*ద్ధ. "ముద్ద"లో ఉన్నది ఏ విభక్తి?

టీ.నగర్ పోపులపెట్టె
అయ్యయ్యో అక్కా!

బసవనగుడి అక్కయ్య
"ముద్ద పిసికి యిచ్చె మునివరుండు" అని మార్చాను. అర్థం కూడా మెరుగైంది. గురువు బోధించాలి, ముని అన్నం పెట్టినా చాలు.

అడయారు కొత్తకవి
నమస్కారం, ఇక్కడ నా మొదటి పూరణ. చైనా వాళ్ల టీ గుడ్డు.

గుడ్డు పెంకు పగులఁ గొట్టి తేయాకున
నానఁబెట్టినంత నల్లగీత
పాలరాతి వోలెఁ బడుఁ జూచి మురిసిన
చాయి నమలఁ గాని చవి తెలియదు.

బసవనగుడి అక్కయ్య
పాలరాయి పోలిక అచ్చంగా కుదిరింది బాబూ. పెంకు వలిచాక తెల్లసొన మీద ఆ గీతలు అలాగే ఉంటాయి.

మైలాపూరు మాస్టారు
నాయనా, కన్ను బాగుంది. చెవి ఇంకొంచెం పదును పెట్టాలి. "మురిసిన" అన్నది "మురిస్తే" అనే అర్థంలో వాడావు. అది ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట), కాబట్టి తర్వాతి "చా" "జా" అయి "మురిసినఁ జాయి" కావాలి. అప్పుడు సమస్య మొదటి అక్షరమే మారిపోయింది. పోనీ విశేషణం అనుకుందామంటే, మురిసింది చాయి అవుతుంది! పెరంబూరు తమ్ముడి "కలిపిన చాయి" విశేషణమే కనుక అక్కడ ఈ చిక్కు రాలేదు. చూడటానికి ఒకే అచ్చు, లోపల వేరు.

టీ.నగర్ పోపులపెట్టె
వ్యాకరణం మాస్టారు చూశారు, నేను గిన్నె చూస్తాను. "పగులఁగొట్టి" అంటే సొన కారిపోతుంది బాబూ. ముందు గుడ్డు ఉడికించాలి. తర్వాత చెంచా వీపుతో నెమ్మదిగా తడుతూ తిప్పితే పెంకు ఊడకుండా సన్నగా బీటలు వారుతుంది. అప్పుడు టీ ఆకు, సోయా సాస్, అనాసపువ్వు, దాల్చినచెక్క వేసిన నీళ్లలో సన్నసెగ మీద ఉంచి, రాత్రంతా ఆ నీళ్లలోనే వదిలేయాలి. బీట ఎంత సన్నగా ఉంటే గీత అంత అందంగా పడుతుంది. లోతుగా పగిలితే గీతలకు బదులు మరకలు తేలతాయి.

అడయారు కొత్తకవి
మూడో పాదం "పాలరాతి వోలెఁ బడుఁ జూచి మెచ్చకు" అంటే?

మైలాపూరు మాస్టారు
ద్రుతం పోయింది, అర్థం బిగిసింది. చూసి మెచ్చుకుని ఊరుకోకు, నమిలితేనే రుచి. సమస్యలోని "గాని"కి నీ పూరణలోనే సరైన ఎదురు దొరికింది. రాస్తూ ఉండు.

పెరంబూరు పద్యప్రియ
మాస్టారు కొత్తవాళ్లకు ఇంత ఓపిగ్గా చెప్పడం చూస్తే ముచ్చటేస్తోంది. మాకు మొదట్లో ఒక్క ముక్కే వచ్చేది: "గణం తప్పింది."

మైలాపూరు మాస్టారు
నీకు అంతకంటే చెప్పక్కర్లేకపోయింది తమ్ముడూ, మర్నాడే దిద్దుకొచ్చేవాడివి.

నిర్వాహకుడు
తీర్పు చెప్పే వేళైంది. సమస్యలో బరువంతా "నమలఁ" దగ్గర ఉంది. సెనగలో చాయి రంగుగా ఉంది, గుడ్డులో గీతగా ఉంది, త్సంపాలో ముద్దను కలిపే తడిగా ఉంది. మూడూ మంచి వంటలే, మూడూ నిలిచే పద్యాలే. కానీ ఆకు ఆకుగా పంటికింద పడింది పెరంబూరు పద్యంలోనే. తాగేవాడికి ఆకు పిప్పి, తినేవాడికి అదే కూర. సమస్యలోని విరోధం అక్కడ పూర్తిగా విడిపోయింది. ఈ వారం పూరణ అదే. అక్కయ్యగారి "మునివరుండు" పాఠానికి రెండో స్థానం.

లఫె గురించి నేను మరవలేని సంగతి ఇంకొకటి. పూర్వం బర్మాలో తగవు తీరాక ఇరుపక్షాలూ లఫె తింటే తీర్పుకు ఒప్పుకున్నట్టు లెక్క. అందుకని మాస్టారికీ అక్కయ్యగారికీ కలిపి నా పద్యం:

తగవు తీరినపుడు తమలోన వాదులు
లఫెను పంచుకొనుట రాచరీతి;
మాటతోడఁ గాదు మైత్రి; బర్మావారి
చాయి నమలఁ గాని చవి తెలియదు.

బసవనగుడి అక్కయ్య
నాకు సమ్మతమే. "మైత్రి"ని "మాట"తో కలిపిన యతి వినసొంపుగా ఉంది. మాస్టారికి కూడా ఒక గిన్నె పంపండి.

మైలాపూరు మాస్టారు
ఎండు రొయ్యలు లేకుండా పంపితే తింటాను. ల-రా యతి కూడా గమనించానమ్మా, చెల్లుతుంది.

అడయారు కొత్తకవి
అన్నగారూ, లఫె దొరకని ఇంట్లో ఏం చేయాలి?

పెరంబూరు పద్యప్రియ
పొడి వద్దు. నీలగిరి గ్రీన్ టీ పెద్దాకు తీసుకుని వేడినీళ్లలో నానబెట్టు, చేదు తగ్గేదాకా నీళ్లు మార్చు. గట్టిగా పిండి, ఈనెలు ఏరి, సన్నగా తరిగి, నిమ్మరసం, దంచిన వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉప్పు, నూనె పట్టించి ఫ్రిజ్‌లో పెట్టు. గుంటలో పులిసినదానికి సాటిరాదు గానీ దారి తెలుస్తుంది. తినేముందు తరిగిన క్యాబేజీ, టమాటా కలుపు. వేయించిన పప్పులు మాత్రం చిట్టచివర చల్లు, ముందే కలిపితే మెత్తబడతాయి.